గ్లామర్ అంటే వ్యాకరణం, ఇక మీ ఇష్టం

సినిమా ప్రెస్‌మీట్లలో "ఇందులో మీ గ్లామర్ డోస్ ఎంత మేడమ్" అని అడిగే ప్రతి ఒక్కరికీ చిన్నయసూరి బాలవ్యాకరణం ఒక కాపీ ఇప్పించాలని నా డిమాండ్. నవ్వకండి. గ్లామర్ పాత స్కాట్స్, అంటే స్కాట్లాండ్ వాళ్ళ భాషలోని మాట, పుట్టిందే గ్రామర్‌లోంచి. అప్పట్లో చదువంటే లాటిన్ గ్రామరే కదా, ఎవడైనా లావుపాటి పుస్తకం ముందేసుకుని గొణుగుతుంటే చదువురాని జనం వీడేదో చేతబడి చేస్తున్నాడనుకునేవాళ్ళు, అలా గ్రామర్ కాస్తా కనికట్టు అయిపోయింది, నోళ్ళలో నలిగి ర పోయి ల వచ్చింది. అక్కడి కవి రాబర్ట్ బర్న్స్ 1789లో కెప్టెన్ గ్రోస్ మీద రాసిన పద్యంలో రెంటికీ ప్రాస కూడా కట్టేశాడు: జిప్సీలది గ్లామర్, మంత్రగాళ్ళది నరకపు నల్ల గ్రామర్.

అసలు మేటర్ వాల్టర్ స్కాట్ దగ్గరుంది. 1805 నాటి ఆయన కావ్యం 'ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్'లో ఒక మరుగుజ్జు పిశాచం మంత్రాల పుస్తకం కొట్టేసి ఒకే ఒక్క మంత్రం చదువుతాడు, అదే గ్లామర్. దాని పవర్‌కి చెరసాల గోడ మీది బూజు రాజుగారి హాల్లో కర్టెన్లా కనిపిస్తుంది, కాయ డిప్ప బంగారు పడవలా, గొల్లల పాక పెద్ద మహల్లా, పడుచుతనం ముసలితనంలా, ముసలితనం పడుచుతనంలా. ఆ చివరి రెండూ ఇంకోసారి చదవండి. మనవడున్న హీరో విగ్గు సర్దుకుని "అమ్మా, నేను ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యా" అని పరిగెత్తుకొస్తాడు, ఆ అమ్మేమో ఆయనకంటే పదేళ్ళు చిన్న, పాపం ఆవిడ జుట్టుకి తెల్లరంగు. స్కాట్ లెక్కన గ్లామర్ రోల్ అంటే ఇదండీ, హీరోయిన్‌ని అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం.

ఇక ఆ పిశాచం రెండో మంత్రం చదవబోతే చెంప ఛెళ్ళుమంది, కిందపడ్డాడు. గ్రామర్ పుస్తకం ముట్టుకున్నాక ఆ మాత్రం తప్పదు, ఎనిమిదో తరగతిలో ఉత్వసంధికి ఉదాహరణ అడిగితే "రాముడు ప్లస్ అతడు" దాకా చెప్పి ఆగిపోయిన నన్నడగండి. బతికున్న మనిషి కొట్టిన దెబ్బ కాదది అంటాడు స్కాట్. నాకు తగిలింది మాత్రం అప్పుడే టీ తాగొచ్చిన మాస్టారిది, అదీ ఎడమ చేత్తో, ఎందుకంటే కుడి చేతిలో సుద్దముక్క ఉంది.