బఠాణీ గింజంత గ్రంథి, ఏళ్ల తరబడి తప్పు పేర్లు

పెళ్లయిన ఏడాదిన్నరకి నాకు పీరియడ్స్ ఆగిపోయాయి. మొదటి నెల ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోయాయి, మా అత్తయ్య పుల్ల మామిడికాయలు కూడా తెప్పించారు. టెస్టులో ఏమీ లేదని తేలాక ఆ సంతోషమంతా నా మీద అనుమానంగా మారింది. ఏ పెళ్లికెళ్లినా, ఏ పేరంటానికెళ్లినా "ఇంకా విశేషం లేదా?" అనే ప్రశ్నే. ఒక డాక్టర్ పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగలు అన్నారు, ఇంకొకరు బరువు తగ్గమన్నారు, తలనొప్పికి వెళ్తే మూడో ఆయన మైగ్రేన్ అని మందులు రాశారు. వీటన్నిటి మధ్యలో రొమ్ముల నుంచి పాలలాంటిది రావడం మొదలైంది. పిల్లల్లేనిదానికి పాలు రావడమేంటన్న భయంతో, సిగ్గుతో మూడు నెలలు మా ఆయనకి కూడా చెప్పలేదు. చివరికి ఒక ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్, పీరియడ్స్, తలనొప్పి, పాలు ఈ మూడింటి గురించీ ఒకేసారి విని, ఒక్క రక్తపరీక్ష రాశారు. ప్రొలాక్టిన్, అంటే పాలు పట్టడానికి పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోన్. సాధారణంగా 25 లోపు ఉండాల్సింది నాకు 180 దాటింది. ఎమ్మారైలో పిట్యూటరీ గ్రంథిలో 8 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది.

జబ్బు కన్నా, జబ్బుకి సరైన పేరు దొరకడానికి పట్టిన రెండేళ్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే రాస్తున్నాను.

పిట్యూటరీని మన పుస్తకాల్లో పీయూష గ్రంథి అంటారు. ముక్కు వెనక, మెదడుకి కింద ఒక చిన్న ఎముక గుంటలో ఉంటుంది. బఠాణీ గింజంత, బరువు అర గ్రాము. థైరాయిడ్, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు, వృషణాలు దీని సంకేతాలతోనే నడుస్తాయి, ఎదుగుదల కూడా దీని చేతుల్లోనే ఉంటుంది. అందుకే గడ్డ ఒకచోట ఉంటే బాధ ఇంకోచోట కనిపిస్తుంది. మనం బాధ ఉన్నచోటికి డాక్టర్‌ని వెతుక్కుంటూ పోతాం. ఓపీలో మనకి దొరికే నాలుగైదు నిమిషాల్లో ఆ డాక్టర్ తన భాగం వరకే చూస్తారు. ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం అని నేను అనను, కానీ అన్నీ కలిపి వినే మనిషి లేకపోవడం మాత్రం నిజం.

గడ్డ గ్రోత్ హార్మోన్‌ని ఎక్కువగా తయారుచేసిందనుకోండి. పెద్దవాళ్లలో చేతులు, పాదాలు, దవడ మెల్లగా పెరుగుతాయి, దాన్నే ఆక్రోమెగలీ అంటారు. ఉంగరం బిగుతవుతుంది, ఏడు నంబర్ చెప్పులు తొమ్మిదికి వస్తాయి, పళ్ల మధ్య సందులు పడతాయి, గురక, చెమట, షుగర్ మొదలవుతాయి. రోజూ చూసే ఇంట్లోవాళ్లకి ఆ మార్పు తెలియదు, పాత ఆధార్ ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి టీవీలో మనం చూసిన రెజ్లర్ గ్రేట్ ఖలీకి, అంటే దలీప్ సింగ్ రాణాకి, 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిట్యూటరీ గడ్డకి ఆపరేషన్ జరిగింది. అంత భారీ మనిషిని చూసి అబ్బురపడ్డాం తప్ప, ఆ ఆకారం వెనక జబ్బు ఉండొచ్చని మనలో ఎంతమందికి తోచింది?

గడ్డ ఇచ్చే సంకేతాల వల్ల అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ని ఎక్కువగా తయారుచేస్తే కుషింగ్స్ జబ్బు వస్తుంది. అందులో మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి, పొట్ట మీద ఊదారంగు చారలు పడతాయి. "బాగా ఒళ్లు చేశావే" అని చుట్టాలు మెచ్చుకుంటుంటే లోపల బీపీ, షుగర్ పెరుగుతుంటాయి. మన ఊళ్లలో కీళ్లనొప్పులకి తెలియకుండా వాడే స్టెరాయిడ్ మాత్రల వల్ల కూడా అచ్చం ఇలాగే అవుతుంది. అందుకని ఏం మందులు మింగుతున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి.

ప్రొలాక్టిన్ విషయంలోనూ అంతే. గ్యాస్‌కని పరగడుపున వేసుకునే క్యాప్సూల్స్ చాలావాటిలో డోంపెరిడోన్ ఉంటుంది, అది ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. థైరాయిడ్ తక్కువైనా పెరుగుతుంది. కాబట్టి రిపోర్టు చూడగానే గడ్డే అని హడలిపోకూడదు. అసలు పోస్ట్‌మార్టమ్ పరీక్షల్లో వందలో పది మందికి దాకా, బతికుండగా ఏ ఇబ్బందీ పెట్టని చిన్న చిన్న పిట్యూటరీ గడ్డలు కనిపించాయి.

నాకు గడ్డ ఉందని తెలిసినరోజు మా అమ్మ "బ్రెయిన్ ట్యూమరా" అని కూలబడిపోయింది. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. నాలాంటి ప్రొలాక్టిన్ గడ్డలకి చాలావరకు కత్తి అవసరం లేదు, క్యాబర్గోలిన్ మాత్ర వారానికి రెండుసార్లు వేసుకుంటే గడ్డ కుంచించుకుపోతుంది. మొదటి నెల వికారం, లేవగానే కళ్లు తిరగడం ఉండేవి, రాత్రి భోజనం చేశాక వేసుకోవడం మొదలెట్టాక తగ్గాయి. నాలుగో నెలలో పీరియడ్స్ వచ్చాయి. మిగతా రకాలకి ఎక్కువగా ముక్కు ద్వారా ఆపరేషన్ చేస్తారు. ఆ తర్వాత కొందరికి విపరీతమైన దాహం పట్టుకుంటుంది, కొందరికి ఒంట్లో తగ్గిపోయిన కార్టిసాల్‌కి బదులుగా జీవితాంతం హైడ్రోకార్టిసోన్ మాత్రలు కావాలి. జ్వరం వస్తే ఆ మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్ తీసుకోవాలి. ఆ మాత్ర మానేస్తే ప్రాణానికే ముప్పని పర్సులో ఒక కార్డు, ఇంట్లోవాళ్లకి ఒక మాట ఉండాలి. పైకి బాగానే కనపడుతున్నావుగా అని ఆఫీసులో అనేవాళ్లకి ఈ లెక్కలేవీ తెలియవు, ఆ అలసటా తెలియదు.

నేను కోరేది పెద్దదేం కాదు. గర్భం కాకుండా మూడు నెలలు పీరియడ్స్ ఆగితే, పీసీఓడీ అని రాసేముందు థైరాయిడ్‌తో పాటు ప్రొలాక్టిన్ కూడా చూడండి. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, తిరుపతి స్విమ్స్, విశాఖ కేజీహెచ్‌లలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి, కానీ ఆసిఫాబాద్ నుంచో పాడేరు నుంచో అక్కడిదాకా వెళ్లాలని ఒక మనిషికి ముందు ఎవరైనా చెప్పాలి కదా. ఆ చెప్పే పని జిల్లా ఆసుపత్రిలో జరగాలి, హార్మోన్ పరీక్షలకి రక్తం తీసుకునే ఏర్పాటు కూడా అక్కడే ఉండాలి.

మగవాళ్లకి ఇంకొక మాట. ఈ గడ్డలు మీకూ వస్తాయి, కానీ కోరిక తగ్గిందని, రొమ్ము పెరిగిందని మీరు ఎవరికీ చెప్పరు. ఈలోగా గడ్డ పెద్దదై పైనున్న కంటి నరాలని నొక్కుతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది, కానీ రెండు పక్కలా చూపు తగ్గుతుంది. గుమ్మానికి భుజం తగలడం, పక్కనుంచి వచ్చే బండి కనపడకపోవడం మొదలైతే కళ్లద్దాలు మార్చుకుని ఊరుకోవద్దు, పక్క చూపుని కొలిచే విజువల్ ఫీల్డ్ టెస్ట్ చేయమని అడగండి. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చి, వాంతులై, చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.