ఖాళీ టైంలో చేసిన ఎలుగుబంటి కాదండీ ఇది

నా బొమ్మల రేటు పెంచుతున్నానని పోయిన వారం రాశాక చాలామంది ఇన్‌బాక్సులోకి వచ్చారు. కొందరు మంచిగా అడిగారు, కొందరు కోపంగా అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, కూర్చుని చదవండి.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు రెండు మాటలు. నేను జర్మనీలో ఉల్మ్ అనే ఊళ్ళో ఉంటాను. వారానికి ఐదు రోజులు ఆఫీసు. రాత్రిళ్ళూ, శని ఆదివారాలూ టెడ్డీబేర్లు చేస్తాను. షాపుల్లో దొరికే మెత్తటి పాలియెస్టర్ బొమ్మలు కావివి. వందేళ్ళ కిందట ఎలా చేసేవారో అలా, మేకబొచ్చు గుడ్డతో, లోపల చెక్క ఊలు కూరి, గాజు కళ్ళు పెట్టి, కాళ్ళూ చేతులూ తలా తిరిగేలా కీళ్ళు బిగించి చేస్తాను. ఏడాదికి పది, మహా అయితే పన్నెండు. మొన్నటిదాకా 35 సెంటీమీటర్ల బొమ్మ 280 యూరోలకు ఇచ్చాను. ఇప్పుడు 440 అంటున్నాను.

దానికి ఒక అక్క ఇలా రాశారు: "ఖాళీ టైంలో చేసుకునేదే కదమ్మా, దానికి అంత రేటెందుకు?"

ఆవిడ చెడ్డ మనసుతో అనలేదు, నాకు తెలుసు. చనువు కొద్దీ అన్నారు. కానీ ఆ "ఖాళీ టైం" అన్న మాట దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు. మా అమ్మమ్మ జీవితమంతా వింది.

అమ్మమ్మది పాలకొల్లు దగ్గర పల్లె. నా చిన్నతనంలో ఆ చుట్టుపక్కల నర్సాపురం లేసు అల్లని ఇల్లు తక్కువ. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద నలుగురైదుగురు చేరి కొక్కెం సూదీ, దారపుండా పట్టుకుని కూర్చునేవారు. దారిన పోయే మగవాళ్ళు "ఊసుపోక అల్లుకుంటున్నారు" అనేవారు. ఊసుపోకేమిటి! అమ్మమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు రెండు వరసలు అల్లేది. మమ్మల్ని నిద్రపుచ్చుతూ అల్లేది. పెళ్ళికి వెళ్తే చీర కొంగులో ఉండ పెట్టుకుని వెళ్ళేది. ఏజెంటు వచ్చి దారం లెక్కపెట్టి ఇచ్చేవాడు, ఎన్ని ఉండలు అల్లితే దానికి తగ్గ కూలి. ఎన్ని గంటలు అల్లావమ్మా అని ఎవరూ అడగలేదు. ఆ లేసులు ఏ దేశం పోతాయో, ఎవరి బల్ల మీద పరుస్తారో ఆవిడకి తెలీదు. మా ఇంట్లో ఆవిడ అల్లిన లేసు ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. అల్లిందల్లా వెళ్ళిపోయింది.

ఇక్కడికి వచ్చాక ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో మన నర్సాపురం ప్రాంతానికి వచ్చి లేసు అల్లే ఆడవాళ్ళ గురించి అధ్యయనం చేశారు. 1982లో దాన్ని పుస్తకంగా వేశారు. ఆ ఆడవాళ్ళు ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీదే కూర్చునేవారని అందులో ఉంది. అయినా వాళ్ళని ఎవరూ పనివాళ్ళు అనలేదు, ఇల్లాళ్ళు అన్నారు. తీరిక వేళలో చేస్తున్నారు అన్నారు. అలా అనడం వల్లే కూలి అంత తక్కువలో ఉండిపోయిందని ఆవిడ వాదన. అది చదువుతుంటే అమ్మమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. 2024లో నర్సాపురం లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు సంతోషపడ్డాను. అమ్మమ్మ ఉండుంటే "అంటే ఉండకి ఎంత పెంచారే?" అని అడిగేది.

ఇక ఎలుగుబంటి సంగతి.

టెడ్డీబేర్ పుట్టిన ఊళ్ళలో ఒకటి గీంగెన్, మా ఉల్మ్ నుంచి రైల్లో వెళ్ళిరావచ్చు. ఒకటి అని ఎందుకంటున్నానంటే రెండో పుట్టిల్లు అమెరికాలో ఉంది. 1902 నవంబరులో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్ళి, కట్టేసి ఉంచిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. దాని మీద బెరీమన్ అనే ఆయన కార్టూన్ గీశాడు. అది చూసి బ్రూక్లిన్‌లో మిక్టమ్ దంపతులు బొమ్మ కుట్టి అమ్మారు. టెడ్డీ అన్నది రూజ్‌వెల్ట్ ముద్దుపేరు, బొమ్మకు ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చింది. అదే 1902లో గీంగెన్‌లో మార్గరెటె ష్టైఫ్ అనే ఆవిడ కంపెనీలో, ఆవిడ తమ్ముడి కొడుకు రిచర్డ్ కీళ్ళున్న ఎలుగుబంటిని తయారుచేశాడు. దాని పేరు 55 పీబీ. 55 అంటే సెంటీమీటర్లు. అప్పుడు కీళ్ళు దారంతో కట్టేవారు. 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికన్ వ్యాపారి 3000 బొమ్మలు కావాలన్నాడు.

మార్గరెటెకి చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోలియో వచ్చింది. కాళ్ళు పనిచేయవు, కుడిచెయ్యి సరిగా లేవదు. కుట్టుమిషన్ చక్రం కుడిచేత్తో తిప్పలేక మిషన్నే వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడమచేత్తో తిప్పిందట. 1880లో గుండుసూదులు గుచ్చుకోడానికి చిన్న ఏనుగు బొమ్మ కుట్టింది, పిల్లలు దాంతో ఆడుకున్నారు, అక్కడ మొదలైంది కథంతా. ఆవిడ మీద నాకు చాలా గౌరవం. గీంగెన్ మ్యూజియానికి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ ఫొటో ముందు కాసేపు నిలబడతాను.

కానీ అక్కడ నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. 1907లో ఆ కంపెనీ ఒక్క ఏడాదిలో 9,74,000 ఎలుగుబంట్లు చేసింది. ఫ్యాక్టరీలో ఉన్నది 400 మంది. ఇళ్ళల్లో కూర్చుని కుట్టినవాళ్ళు 1,800 మంది. మళ్ళీ చదవండి. లోపలున్న ఒక్కరికి బయట నలుగురికి పైగా. అంటే ఈరోజు వేలంపాటల్లో లక్షలు పలికే ఆ పాత ఎలుగుబంట్లు చాలావరకు ఎవరో ఒకరి వంటింటి బల్ల మీద కొంతైనా కుట్టుపని జరిగినవే. పాలకొల్లు అరుగు మీద లేసు ఎలా తయారయ్యిందో అలాగే. 1904 నాటి ఒక ష్టైఫ్ బొమ్మ 1994లో లండన్‌లో లక్షా పదివేల పౌండ్లకు పోయింది. చెవిలో బటన్ ఉంటే చాలు, అది ఎవరి కంపెనీదో ఇట్టే చెప్పేస్తారు. దాని ముక్కు ఎవరు కుట్టారో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

ముక్కు అన్నాను కాబట్టి ఆ పనేమిటో కొంచెం చెప్తాను, లేకపోతే ఒక్క బొమ్మకు ముప్పై గంటలు ఎందుకు పడుతుందో అర్థం కాదు.

నేను వాడే గుడ్డ మొహైర్, అంటే అంగోరా మేక బొచ్చు. అంగోరా ఊలు కుందేలుది, ఇది మేకది, రెండూ ఒకటి కావు. డూయిస్‌బర్గ్‌లో షుల్టే అనే మిల్లు 1901 నుంచి ఈ గుడ్డ నేస్తోంది. గుడ్డను బోర్లా పరిచి వెనకవైపు గీతలు గీయాలి. బొచ్చు ఎటు వాలిందో ప్రతి ముక్క మీదా బాణం గుర్తు పెట్టాలి. ఒక్క చెయ్యి ముక్క తలకిందులైందంటే బొమ్మ పూర్తయ్యాక ఆ చెయ్యి వేరే జంతువుదిలా కనిపిస్తుంది. కత్తెర మొనతో కింది నేత మాత్రమే తెగాలి, బొచ్చు తెగకూడదు. బట్ట కత్తిరించినట్టు కత్తెర పూర్తిగా తెరిచి కోస్తే అతుకు దగ్గర బోడిగీత పడిపోతుంది. తర్వాత కచ్చా కుట్టు, దాని మీద అసలు కుట్టు. నేను చేత్తోనే కుడతాను. కుట్టిన చోటల్లా లోపల ఇరుక్కున్న బొచ్చును సూదిమొనతో ఒక్కో పోగూ బయటికి లాగాలి.

చెక్క ఊలు అంటే నూలుపోగుల్లా సన్నగా చెక్కిన చెక్క. దాన్ని చిటికెడు చిటికెడు తీసుకుని మొద్దు పుల్లతో మూతి చివర నుంచి కూరుకుంటూ రావాలి. మూతి రాయిలా గట్టిపడాలి. లేకపోతే ముక్కు కుట్టేటప్పుడు దారం బిగించగానే లోపలికి కుంగిపోతుంది. మొదట్లో నేను చేసిన మూడు తలలు అలాగే కుంగాయి, విప్పి మళ్ళీ చేశాను. కడుపులో మాత్రం కొంచెం కపోక్ కలుపుతాను. 1920ల తర్వాత ఇంగ్లండు బొమ్మల్లో ఎక్కువగా అదే కూరేవారు. మొదటిసారి ఆ ప్యాకెట్ విప్పినప్పుడు చేతికి తగిలింది మా ఇంటి దిండ్లలో ఉండే తెల్లబూరుగు దూది! పేరు మారింది గాని అదే దూది, అదే జారుడు. కాసేపు పని ఆపేసి కూర్చున్నాను.

కళ్ళు పెట్టడం నేను ఆదివారం పొద్దున్నే చేస్తాను, అలసిన కళ్ళతో చేయను. చిన్నప్పుడు వినాయక చవితికి మట్టి బొమ్మకు గురివింద గింజలు గుచ్చేవాళ్ళం గుర్తుందా? గింజ కాస్త పక్కకి జరిగితే స్వామి ముఖమే మారిపోయేది. ఇదీ అంతే. రెండు గుండుసూదులు గుచ్చి, అద్దంలో చూసి, జరిపి, మళ్ళీ చూస్తాను. రెండు మిల్లీమీటర్లు దగ్గరైతే కోపిష్టిలా, దూరమైతే అమాయకంగా ఉంటుంది. కుదిరాక దారాన్ని తల వెనక్కి లాగి బిగిస్తే కన్ను గుంటలో కూర్చుంటుంది. అప్పుడు అది నన్ను చూస్తుంది. ఆ క్షణం కోసమే ఈ పని చేస్తున్నానని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

పోయిన బొమ్మకు గంటలు పుస్తకంలో రాసుకున్నాను. కత్తిరింపుకు రెండున్నర, కుట్టడానికి పది, కూరడానికి ఏడు, కీళ్ళకు రెండు, ముఖానికి ఆరు, చెవులకూ చివరి సర్దుబాట్లకూ రెండున్నర. మొత్తం ముప్పై. సరుకు ఖర్చు 55 యూరోలు. 280కి అమ్మితే చేతికి మిగిలేది 225. గంటకు ఏడున్నర. 2025లో జర్మనీలో కనీస వేతనం గంటకు 12.82. అంటే నేను ఆఫీసులో తలెత్తుకుని జీతం అడిగే మనిషిని, ఇంటికొచ్చి నా చేతులకు నేనే చట్టం ఒప్పుకోని కూలి ఇస్తున్నాను. అమ్మమ్మకి ఏజెంటు చేసిందే నాకు నేను చేసుకుంటున్నాను. అది చూసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. కనీస వేతనం లెక్కన ముప్పై గంటలకు 385, సరుకు 55, కలిపి 440. అందులో లాభం లేదు. ప్రదర్శనకు వెళ్ళే రైలు ఛార్జీ లేదు, విప్పి మళ్ళీ చేసిన తలలు లేవు.

"ఇష్టంగా చేస్తున్నావుగా" అన్నారు ఇంకొకరు. ఔను, చాలా ఇష్టం. మా డెంటిస్టుకి కూడా ఆయన పని చాలా ఇష్టం. దాని కోసం ఆయన్ని తక్కువ తీసుకోమని నేను అడగలేదు. ఇష్టం ఉన్నచోట కూలి అక్కర్లేదనడం ఆడవాళ్ళ చేతిపనుల విషయంలోనే ఎక్కువ వింటాను. వంటకీ అదే, అల్లికకీ అదే, ముగ్గుకీ అదే.

"ఉద్యోగం మానేసి ఇదే చెయ్యి, పెద్ద బిజినెస్ అవుతుంది" అని సలహా ఇచ్చినవాళ్ళకు థాంక్స్. మానను. ఉద్యోగం ఉండబట్టే నెలకొకటి నిదానంగా చేయగలుగుతున్నాను. ఇంటి అద్దె ఈ బొమ్మల మీద పడితే మొదట తగ్గేది ముఖానికి పెట్టే ఆరు గంటలే. పార్ట్‌టైం అంటే సగం మనసుతో చేసే పని అనుకోకండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక పాత వస్తువుల షాపు నుంచి నాకు కబురు వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, ఆరు తీసుకుంటాం, కాకపోతే అరికాలి పక్కన కుట్టే పేరు చీటీ తీసేయమన్నారు. అక్కడక్కడా బొచ్చు కొంచెం అరగదీయమన్నారు. కొనేవాళ్ళు ఏమనుకున్నా వాళ్ళిష్టం అన్నారు. డబ్బు మంచిదే వచ్చేది. కుదరదన్నాను. నేను పాత పద్ధతిలో చేస్తాను, కొత్త బొమ్మనే చేస్తాను. వీపు మీద గూనీ, మోకాళ్ళ దాకా వచ్చే చేతులూ, పొడుగు మూతీ పాతవాళ్ళ దగ్గర నేర్చుకున్నవే. బొచ్చు అరగాలంటే దాన్ని ఎవరో నలభై ఏళ్ళు ఎత్తుకోవాలి. దాన్ని నేను గరుకు కాగితంతో చేస్తే అబద్ధమవుతుంది. పైగా ఆ చీటీ నాకు చిన్న విషయం కాదు. గీంగెన్ ఇళ్ళల్లో కుట్టినవాళ్ళకు అది లేదు, మా అమ్మమ్మకు లేదు. ఇకనుంచి నా పేరు కింద గంటలు కూడా కుడుతున్నాను. ఈ బొమ్మకు 30 అని.

పిల్లల మొదటి పుట్టినరోజుకు అడిగే మన తెలుగువాళ్ళకు ఒక మాట. ఇవ్వను, కోపం తెచ్చుకోకండి. గాజు కళ్ళు, లోపల ఇనప పిన్నులు ఉంటాయి. ఇవి పద్నాలుగేళ్ళు పైబడిన సేకరణదారుల కోసం అని చీటీ మీదే రాస్తాను. చంటిపిల్లలకు ఉతకడానికి వీలైన మెత్తటి బొమ్మ కొనండి, సీఈ గుర్తు (యూరప్ భద్రతా నియమాల గుర్తు) చూసి కొనండి.

పాత రేటుకు ముందే మాట ఇచ్చినవి రెండున్నాయి, అవి 280కే ఇస్తాను. ఆ తర్వాత 440. అది ఎక్కువ అనిపిస్తే కొనక్కర్లేదు, నేనేమీ అనుకోను. ఎవరి ఖర్చులు వాళ్ళకుంటాయి. "ఖాళీ టైం" అని మాత్రం అనకండి.

ఇప్పుడు బల్ల మీద ఒకటి ఉంది, తేనె రంగుది. కళ్ళు పెట్టాను, ముక్కు అయింది, చెవులు ఇంకా గుండుసూదుల మీదే ఉన్నాయి. ఎడమది కొంచెం కిందికి ఉన్నట్టు అనిపిస్తోంది. పుస్తకంలో ఇరవై ఎనిమిది గంటలయ్యాయి. శనివారం పొద్దున కూర్చుంటాను.