సోదర దేశాల కూలీలు: అప్పు ఖాతాలో జమైన జీతాలు

1986 తర్వాత తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక మొజాంబిక్ కార్మికుడి పే స్లిప్పు లెక్క వేసి చూద్దాం. పన్ను, బీమా పోను 900 మార్కులు మిగిలాయనుకోండి. మొదటి 350 మార్కుల జోలికి ఎవరూ వెళ్ళరు. మిగిలిన 550లో 60 శాతం, అంటే 330 మార్కులు, అతని చేతికి రాకుండానే కోత పడేవి. హాస్టల్ అద్దె 30 మార్కులు వేరే. కోసుకున్న సొమ్మంతా ఇంటికి తిరిగెళ్ళాక మీ ప్రభుత్వమే మొజాంబిక్ కరెన్సీ అయిన మెటికాల్ నోట్లలో ఇస్తుందని చెప్పారు.

నిజానికి ఆ మార్కులు మొజాంబిక్ రాజధాని మపుటోకి వెళ్ళనే లేదు. మొజాంబిక్ ప్రభుత్వం తూర్పు జర్మనీకి బాకీ పడ్డ సొమ్ము కింద తూర్పు జర్మనీలోనే జమ కట్టుకున్నారు. అంటే కార్మికుడు తనకు తెలియకుండానే దేశం అప్పు తీర్చాడు, బదులుగా దేశం అతనికి బాకీ పడింది. ఖాతాలో ఎంత ఉందో చూసుకునే వీలు అతనికి లేదు. పైగా 1987 ఆర్థిక సంస్కరణలతో మెటికాల్ విలువ దారుణంగా పడిపోయింది. ఈ ఏర్పాటును సోషలిస్టు సోదర దేశాల సహకారంగా, పెట్టుబడిదారీ దోపిడీకి ప్రత్యామ్నాయంగా చూపించుకున్నారన్నదే విడ్డూరం.

అసలు మనుషులు ఎందుకు కావాల్సి వచ్చారు? 1961లో బెర్లిన్ గోడ కట్టేలోపే పాతిక లక్షలకు పైగా జనం పశ్చిమానికి వెళ్ళిపోయారు. పాత యంత్రాలతో మూడు షిఫ్టులు నడిచే బట్టల మిల్లులకు, లిగ్నైట్ గనులకు, కబేళాలకు స్థానికులు దొరకలేదు. 1967లో హంగరీతో, 1974లో అల్జీరియాతో, 1979 ఫిబ్రవరిలో మొజాంబిక్‌తో, 1980 ఏప్రిల్‌లో వియత్నాంతో, 1985లో అంగోలాతో ఒప్పందాలు కుదిరాయి. 1989 చివరికి అక్కడున్న కాంట్రాక్టు కార్మికులు 90 వేల పైమాటే. అందులో దాదాపు 59 వేల మంది వియత్నామీలు, 15 వేల మంది మొజాంబిక్ వాళ్ళు. ఒప్పంద పత్రాల్లో వృత్తి శిక్షణ అని ఘనంగా రాసుకున్నా, 80ల్లో వచ్చిన వాళ్ళలో చాలామందికి దక్కింది కొన్ని వారాల భాషా పాఠాలు, ఆ తర్వాత యంత్రం ముందు చోటు. చెకొస్లోవేకియా, బల్గేరియా, సోవియట్ యూనియన్ కూడా వియత్నామీలను ఇలాగే తెచ్చుకున్నాయి.

వియత్నామీలకు కోత వేరే రకం. స్థూల జీతంలో 12 శాతం మాతృభూమి నిర్మాణం, రక్షణ పేరిట హనోయ్‌కి పోయేది. మిగిలింది చేతికొచ్చేది. దాన్ని వియత్నాం కరెన్సీ డాంగ్‌లోకి మార్చుకోవడం శుద్ధ దండగ కాబట్టి సరుకు కొన్నారు. తూర్పు జర్మనీలోని సుల్ పట్టణంలో తయారయ్యే సిమ్సన్ మోపెడ్లు, సైకిళ్ళు, కుట్టుమిషన్లు, తాన్ల కొద్దీ గుడ్డ, చక్కెర, సబ్బులు చెక్కపెట్టెల్లో సర్ది ఓడకెక్కించారు. షిఫ్టు ముగిశాక హాస్టల్ గదుల్లోనే జీన్స్ ప్యాంట్లు కుట్టి, కొట్లలో అలాంటివి దొరకని తూర్పు జర్మన్లకే అమ్మారు. దుకాణాల్లో సరుకు కొరత ఉన్న దేశంలో ఇది కళ్ళు కుట్టించింది. కొరత ప్రణాళికా సంఘం పుణ్యం, తిట్లు మాత్రం వియత్నామీలకు. చివరికి 1989లో పంపే సరుకు మీద ఆంక్షలు పెట్టారు. నా అంచనాలో రెండు దేశాల కార్మికుల గతి వేరవడానికి మూలం ఇక్కడే ఉంది. మొజాంబిక్ వాళ్ళూ పెట్టెలు పంపారు, కానీ వాళ్ళ కష్టంలో పెద్ద వాటా ఖాతాలో ఇరుక్కుపోయింది.

బతుకు మీద నిఘా అందరికీ ఒకటే. హాస్టల్లో మనిషికి కనీసం 5 చదరపు మీటర్లు, గదికి నలుగురు దాకా. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేర్వేరు వసతి. వాకిట్లో కాపలా. రాత్రి పదికల్లా అతిథులు వెళ్ళిపోవాలి. గర్భం దాలిస్తే గర్భస్రావమో, తిరుగు విమానమో తేల్చుకోవాలి. వియత్నాం మహిళలకు ఈ నిబంధన 1989 దాకా సడలలేదు. కుటుంబాన్ని తెచ్చుకోవడమన్న ప్రశ్నే లేదు. పశ్చిమ జర్మనీ కూడా మొదట్లో కూలీలు కొన్నాళ్ళుండి పోతారనే లెక్కేసింది. కానీ పని నేర్చినవాణ్ణి పంపి కొత్తవాడికి మళ్ళీ నేర్పడం యజమానులకు నచ్చలేదు. 1973లో కొత్త భర్తీ ఆపేశాక టర్కీ వాళ్ళు భార్యాపిల్లలను రప్పించుకుని స్థిరపడ్డారు. తూర్పున ఆఖరి మాట రాజ్యానిదే కాబట్టి ఆ సందు దొరకలేదు.

గోడ కూలగానే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1990 జూన్ ఉత్తర్వు ప్రకారం ముందే కాంట్రాక్టు రద్దయిన వాళ్ళకు 3,000 మార్కుల పరిహారం, మూడు నెలల పాటు 70 శాతం జీతం, విమాన టికెట్ ఇవ్వాలి. కాంట్రాక్టు గడువు తీరేదాకా ఉండే హక్కూ ఉంది. ఆ సంగతి చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది చివరికి మిగిలింది దాదాపు 21 వేల వియత్నామీలు, 2,800 మంది మొజాంబిక్ వాళ్ళు. పాత తూర్పు జర్మనీ ఊళ్ళయిన హోయెర్స్‌వెర్డాలో 1991 సెప్టెంబరులో, రోస్టాక్‌లో 1992 ఆగస్టులో వాళ్ళ హాస్టళ్ళ మీద మూకలు పడ్డాయి. రోస్టాక్‌లో భవనానికి నిప్పంటుకుంటే లోపలున్న వియత్నామీలు పైకప్పు మీదుగా తప్పించుకున్నారు. అంతా తట్టుకుని నిలబడ్డ వాళ్ళు పూలు, కూరగాయలు, బట్టల కొట్లు పెట్టుకున్నారు. కాంట్రాక్టు ఏళ్ళను కూడా నివాస హక్కు కింద లెక్కించడం 1997లో గానీ జరగలేదు.

మపుటోలో 'మాజెర్మానెస్' అనే పేరుతో తిరిగొచ్చిన కార్మికులు దశాబ్దాలుగా బుధవారాల్లో తమ సొమ్ము కోసం ఊరేగింపు తీస్తున్నారు. ఒప్పందం ప్రకారం మొజాంబిక్‌కు చేరాల్సింది చేరిందని బెర్లిన్ వాదన. ఇవ్వాల్సింది ఇచ్చేశామని మపుటో వాదన. కోత మొత్తం నెలనెలా పే స్లిప్పుల్లో అచ్చయి ఉంది, చాలామంది వాటిని భద్రంగా దాచుకున్నారు కూడా. ఆ అంకెలు కూడి, అప్పు పద్దులో ఎంత జమైందో పక్కన పెడితే ఎవరికి ఎంత రావాలో తేలుతుంది. ఆ లెక్క పూర్తిగా బయటపెట్టడానికి రెండు ప్రభుత్వాలూ ఇప్పటికీ ముందుకు రాలేదు.