గ్యాలరీలో గడియారాలు

గచ్చిబౌలి స్టేడియంలో పిల్లల అథ్లెటిక్స్ పోటీలు చూసినవారికి ఒక సందేహం తప్పకుండా వస్తుంది. పోటీ ట్రాక్ మీద జరుగుతోందా, గ్యాలరీలోనా? 2002 జాతీయ క్రీడలకు వేదికైన ఆ మైదానంలో పరుగెత్తేవారికి లేన్లు గీశారు. అరిచేవారికి ఒక్క గీతైనా గీయలేదు. ఈ అన్యాయాన్ని ప్రభుత్వం దృష్టికి తీసుకురావడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అరిచేవారి శ్రమ సామాన్యమైనది కాదు. నాన్నగారి మెడలో స్టాప్‌వాచ్, అమ్మ చేతిలో ఫోను, బాబాయి దగ్గర వీడియో. ఒకాయన మెడలో విజిల్ కూడా వేలాడుతోంది. కోచ్ అనుకున్నాను, బ్యాంకు ఉద్యోగి అట.

మొన్న అండర్-14 బాలుర 1500 మీటర్ల పరుగు జరిగింది. నా పక్కనున్న ఒక పిల్లవాడి నాన్నగారు ముగింపు గీతకు ఎదురుగా స్థలం పట్టారు. పిల్లవాడు మొదటిసారి గీత దాటగానే "ఒరేయ్ చిన్నా, 56!" అని కేకవేశారు. చుట్టుకు 56 సెకన్ల చొప్పున ఫోనులో లెక్క కట్టి, మొత్తం 3 నిమిషాల 30 సెకన్లని ప్రకటించారు. 2019లో బెర్లిన్‌లో జిన్సన్ జాన్సన్ 3:35.24తో నెలకొల్పిన జాతీయ రికార్డు ఏడో తరగతి కుర్రవాడి చేతిలో చిత్తయింది. 1998లో రోమ్‌లో మొరాకో పరుగువీరుడు ఎల్ గెరూజ్ స్థాపించిన 3:26.00 ప్రపంచ రికార్డు కూడా నాలుగు సెకన్ల దూరంలో బిక్కుబిక్కుమంటోంది.

చిన్న చిక్కేమిటంటే, 400 మీటర్ల ట్రాక్ మీద 1500 అంటే మూడు ముప్పావు చుట్లు. గీత దగ్గరికి మొదటిసారి వచ్చేసరికి అయ్యేది 300 మీటర్లే. తర్వాతి చుట్టు నిండుగా 400. అదే వేగంతో వచ్చిన పిల్లవాడికి 75 సెకన్లు పట్టాయి. "పందొమ్మిది సెకన్లు పోగొట్టావురా! పొద్దున పాలు తాగమంటే విన్నావా?" అని నాన్నగారు రెయిలింగు పట్టుకుని వాపోయారు. పాలు ఏ పాపమూ ఎరుగవు.

అధికారులతో తగాదా వేరే అధ్యాయం. చేతి గడియారంతో సమయం తీసే అధికారి తుపాకీ చప్పుడు కోసం ఆగడు. పొగ కనబడగానే నొక్కుతాడు. నాన్నగారు చప్పుడు విని నొక్కుతారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే కదా, మైదానం అవతల పేలింది ఇవతలికి చేరేసరికి 0.3 సెకను ఖర్చు. ఆ మేరకు అధికారి లెక్కలో సమయం ఎక్కువ. పైగా చేతి గడియారంలో 12.31 వస్తే అధికారికంగా 12.4 అని రాయడం నియమం. అంటే పిల్లవాడి కష్టార్జితాన్ని అందరూ కలిసి కాజేస్తున్నారని నాన్నగారికి రుజువైపోతుంది. స్పోర్ట్స్ కోటా సీటు ఏ దశాంశం దగ్గర ఆగిపోతుందో ఎవరు చెప్పగలరు?

ఇక నియమాల సంగతి. పోటీ ప్రాంతం లోపల ఉన్నవారు రెఫరీ అనుమతి లేకుండా అథ్లెట్లకు మధ్యలో సమయాలు అందించకూడదు. గ్యాలరీ ఆ ప్రాంతంలోకి రాదు. ఆదాయపు పన్ను సెక్షన్లు కంఠతా పట్టిన మనవాళ్లకు ఇంత సందు చాలదా?

కాబట్టి తల్లిదండ్రులకు ప్రత్యేక విభాగం పెట్టి పతకాలు ఇవ్వాలని కోరుతున్నాను. అరుపు దూరానికి ఒకటి, లెక్క తప్పినా గొంతు తగ్గనందుకు ఒకటి. తాతయ్యలకు వెటరన్స్ విభాగం ఉండనే ఉంది. మొన్న ఒక పెద్దాయన చెరకురసం గ్లాసు పట్టుకుని, ఎవరి మనవడో చూసుకోకుండానే నాలుగు హీట్లకు, అంటే తొలి దశ పరుగులకు, సమయాలు చెప్పారు. అంత నిష్పక్షపాతం ఈ రోజుల్లో అరుదు.

1500 ముగిశాక పిల్లవాడు ఆయాసపడుతూ రెయిలింగు దగ్గరికి వచ్చాడు. "నాన్నా, నేను ఎన్నోవాడిగా వచ్చాను?" అని అడిగాడు.

నాన్నగారు గడియారం నుంచి తలెత్తలేదు. "ఉండరా, బాబాయి వీడియో చూసి చెబుతాను" అన్నారు.