మహారాజు నడుము దగ్గర ఎర్ర పువ్వు

డిసెంబరు సేవా కార్యక్రమాలకని మన సంఘం విజయనగరంలో పెట్టిన సభలో స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒక మహారాజు గారి పాత ఫొటోకి కంప్యూటర్లో రంగులు వేయించారు. కుడి తుంటి దగ్గర ఎర్ర పువ్వు. "వంశపారంపర్యంగా వస్తున్న కెంపుల నగ" అని మైకులో చెప్పారు. చప్పట్లు! కోటకి కూతవేటు దూరంలో ఆ మాట వినాల్సి వచ్చింది.

అది నగ కాదండీ. 1878లో బ్రిటిషు వారు మొదలుపెట్టిన ఆర్డర్ ఆఫ్ ది ఇండియన్ ఎంపైర్ అనే బిరుదు తాలూకు బిళ్ల. బంగారు గులాబీకి ఐదు రేకులు, వాటి మీద ఎర్ర ఎనామిల్, నడుమ విక్టోరియా ముఖం, నెత్తిన కిరీటం. కెంపన్నది ఒక్కటీ ఉండదు. మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి వారికొచ్చిన జి.సి.ఐ.ఇ. (నైట్ గ్రాండ్ కమాండర్) హోదా ఆ వరసలో అన్నిటికంటే పైది. ఆ హోదా ఉన్నవారు ముదురు నీలం పట్టీని కుడి భుజం మీంచి ఎడమ తుంటికి వేసుకునేవారు, బిళ్ల దాని కొసన వేలాడేది. మన ఫ్లెక్సీలో అది కుడి తుంటికి వచ్చిందంటే బొమ్మే తిరగబడి అచ్చయింది.

ఇక రంగులు. ఆ కాలంలో ఫొటోలు తీసిన గాజు పలకలు నీలం వెలుగుని బాగా పట్టేవి, ఎరుపు, పసుపుల్ని దాదాపు పట్టేవి కావు. అందుకే ఫొటోలో కెంపు నల్లగా ఉంటుంది, పచ్చ రాయీ ముదురుగానే పడుతుంది, బంగారం కూడా అనుకున్నదానికంటే నల్లబడుతుంది. నీలం రాయి మాత్రం తేలిపోతుంది. నల్లటి రాయి కెంపో పచ్చో ఫొటో చెప్పనప్పుడు కంప్యూటరు ఎలా చెబుతుంది?

ఆ సభలో పిల్లల మెళ్లో వేసిన అద్దె హారాలూ అంతే, పాత నగల్లా ఉండవు. కొక్కేలతో బిగించిన గాజురాళ్లు తళుక్కుమంటాయి. కుందనం పని అలా మెరవదు. రాయి కూర్చే గూట్లో లక్క నింపి, దాని మీద పలుచటి లోహపు రేకు పెట్టి, రాయి కూర్చి, చుట్టూ మేలిమి బంగారం పట్టీలు నొక్కుతారు. వెనక మూసి ఉంటుంది కాబట్టి రాయిలోంచి వెలుగు దూరిపోదు, రేకు మీద పడి తిరిగొస్తుంది. నూనె దీపం దగ్గర దాని అందమే వేరు. మన అమ్మమ్మల్లాగా కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దామంటే మాత్రం, సందుల్లోంచి నీరు దిగి రేకు నల్లబడుతుంది. సాదా గొలుసులకి ఆ కుంకుడు రసానికి మించింది లేదు, అది వేరే సంగతి.

రంగులుంటే పిల్లలు నిలబడి చూస్తారన్న మాట నిజమే. కాదనను. అయినా పెద్దలకి ఒక మనవి: వచ్చే ఏడు అసలు ఫొటోనే, తిరగబడకుండా, నలుపు తెలుపుల్లోనే వేయించండి. ఇళ్లలో అలాంటి పాత ఫొటోలున్నవాళ్లు అతికించిన అట్ట నుంచి ఊడదీయకండి. ముందూ వెనకా 600 డి.పి.ఐ.లో స్కాన్ చేయించండి, అంచులు కత్తిరించొద్దు. స్టూడియో పేరు ఉండేది ఆ అట్ట మీదే.