ఘనా విదేశాంగ మంత్రి కుర్చీ గారికి

మహారాజశ్రీ ఘనా దేశపు విదేశాంగ మంత్రి కుర్చీ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ ఆక్రాలో తమరు కూడా క్షేమమనే తలుస్తాను. కుర్చీల క్షేమానికి ఎప్పుడూ ఢోకా లేదు లెండి. నా బెంగంతా మీ మీద కూర్చున్నవాళ్ళ గురించి.

2009 అక్టోబరులో మీ మంత్రిత్వ శాఖ భవనం తగలబడిపోయింది కదా. ఆ మంటల్లో మీ చేతులూ కాళ్ళూ బూడిదయ్యే ఉంటాయి. అయినా ఈ ఉత్తరం మీకే చేరుతుందని నా ధైర్యం. కర్ర కుర్చీ కాలుతుంది గానీ పదవి కుర్చీ కాలదు. చైనా వాళ్ళ సాయంతో లేచిన కొత్త భవనంలో మళ్ళీ దర్జాగా వెలిశారు. మీ అధ్యక్షులవారు ఉండే జూబిలీ హౌస్‌కేమో అప్పిచ్చింది మా భారతదేశం. అంటే ఆయన మా అప్పు మీద, మీరు చైనా సాయం మీద కూర్చున్నారన్నమాట. విదేశాంగ విధానం అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఈ రెండు భవనాలు చూపిస్తే సరిపోతుంది.

మీ దేశంలో కుర్చీకి ఉన్న మర్యాద మా దగ్గర లేదండీ. అకాన్ ప్రజలకి పీట అంటే ఊరికే కూర్చునే వస్తువు కాదు, మనిషి ఆత్మ ఉండే చోటు. నాయకుడిని పీట ఎక్కిస్తారు, నచ్చకపోతే పీట దించుతారు. అషాంతీల బంగారు పీట సంగతి మరీ గొప్పది, దాని మీద రాజు కూడా కూర్చోడు. 1900లో ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు గవర్నరు, ఆ పీట తెచ్చి తన కింద వెయ్యలేదేమని పెద్దల సభలోనే అడిగి యుద్ధం కొనితెచ్చుకున్నాడు. యా అసాంతెవా అనే రాజమాత ముందుండి నడిపిన యుద్ధం అది. అషాంతీలు ఓడిపోయారు గానీ పీట మాత్రం తెల్లవాళ్ళ చేతికి చిక్కలేదు. ఎవరూ కూర్చోని ఆసనం కాబట్టి దానికీ దిగులు లేదు, దాని వల్ల కూర్చున్నవాడికీ దిగులు లేదు. మీ మీద మాత్రం కూర్చుంటారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మీ మీద మొదట కూర్చున్నది ప్రధాని క్వామే ఎన్‌క్రుమాయే. మా నెహ్రూ గారు కూడా పదిహేడేళ్ళు అంతే, ఆ శాఖ ఎవరికీ ఇవ్వలేదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల్లో ఇంటి తాళాలు కోడళ్ళకి ఇచ్చినా, వీధి గుమ్మం దగ్గర మాట్లాడే పని మాత్రం అత్తగారే చూసుకుంటుంది. 1958లో ఎన్‌క్రుమా లేచి కోజో బోట్సియోని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత 1959లో ఎబెనెజర్ అకో అజెయ్ వచ్చాడు. ఈయన దగ్గర కాసేపు ఆగుతాను.

ఎన్‌క్రుమా, అకో అజెయ్ ఇద్దరూ అమెరికాలో లింకన్ యూనివర్సిటీలో చదువుకున్నవాళ్ళు. 1947లో గోల్డ్ కోస్ట్ (అప్పట్లో మీ దేశం పేరు) పెద్దలు తమ పార్టీకి ప్రధాన కార్యదర్శిగా ఉండమని ముందు అడిగింది అకో అజెయ్‌నే. నాకు తీరిక లేదు, లండన్లో ఎన్‌క్రుమా అని ఒకడున్నాడు, అతన్ని పిలిపించండి అన్నాడీయన. ఉద్యోగం ఇప్పించిన స్నేహితుడన్నమాట. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసే అరెస్టయ్యారు. ‘బిగ్ సిక్స్’ అని మీ దేశం కరెన్సీ నోట్ల మీద అచ్చు వేసుకున్న ఆరుగురిలో ఇద్దరూ ఉన్నారు.

ఇక 1962 ఆగస్టు 1. ఎన్‌క్రుమా పక్క దేశం అప్పర్ వోల్టా (ఇప్పటి బుర్కినా ఫాసో) అధ్యక్షుడిని కలిసి తిరిగొస్తూ కులుంగుగు అనే ఊళ్ళో ఆగితే ఎవరో బాంబు విసిరారు. ఆయన గాయాలతో బయటపడ్డాడు. ఆ నెలలోనే విదేశాంగ మంత్రి అకో అజెయ్‌ని, ఇంకో మంత్రి తవియా అడమాఫియోని, పార్టీ కార్యదర్శి కాఫీ క్రాబ్‌ని పట్టుకెళ్ళారు. కోర్టులో వాదన వింటే మీకే నవ్వొస్తుంది. మామూలుగా అధ్యక్షుడికి జలగల్లా అంటుకుని తిరిగేవాళ్ళు ఆ ప్రయాణంలో మాత్రం దూరంగా ఎందుకున్నారు అని! దగ్గరగా ఉంటే జలగ, దూరంగా ఉంటే ద్రోహి. మధ్యలో ఎన్ని అడుగుల దూరం పాటించాలో మీ శాఖ ప్రోటోకాల్ పుస్తకంలో రాసి పెట్టి ఉండాల్సింది.

1963 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి ఆర్కు కోర్సా, ఇంకో ఇద్దరు జడ్జీలు కలిసి, ఈ ముగ్గురి మీద నేరం రుజువు కాలేదని వదిలేశారు. ఎన్‌క్రుమా వెంటనే న్యాయం చేశాడు, ప్రధాన న్యాయమూర్తిని తీసేశాడు. కొత్త చట్టం, కొత్త విచారణ, 1965లో కొత్త తీర్పు: మరణశిక్ష. తర్వాత దాన్ని ఇరవై ఏళ్ళ జైలుగా తగ్గించారు. స్నేహితుడు కదా మరి, ఆ మాత్రం తగ్గింపు ఉంటుంది.

మూడో జడ్జీ పేరు ఎడ్వర్డ్ అకుఫో అడో. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అకో అజెయ్ జైల్లో ఉండగా బోట్సియో మళ్ళీ మీ మీదకి వచ్చాడు. 1965లో అలెక్స్ క్వేసన్ సాకీ. ఈయన మీ దగ్గరికి రావడానికి ముందే ప్రపంచం గెలిచి వచ్చాడు. 1964లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభకి అధ్యక్షుడయ్యాడు. ఆ పీఠం ఎక్కిన మొదటి నల్ల ఆఫ్రికన్ ఆయనే. తీరా ఎక్కాక చూస్తే, శాంతి దళాల ఖర్చు ఎవరు కట్టాలన్న గొడవలో సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ మొండికేశాయి. కట్టనివాళ్ళకి ఓటు లేదంది అమెరికా. ఎవరికీ నొప్పి తగలకుండా ఆ సమావేశాన్ని దాదాపు ఓటింగే లేకుండా లాక్కొచ్చారు. స్వదేశం తిరిగొచ్చేసరికి ఇక్కడా అదే పద్ధతి. ఘనా 1964లో ఏకపార్టీ దేశమైంది, 1965 ఎన్నికల్లో పార్టీ పెట్టిన అభ్యర్థులంతా పోటీ లేకుండానే నెగ్గారు. ఓటింగ్ లేని సభలు నడపడంలో ఇంతకంటే అనుభవం ఉన్న మంత్రి దొరుకుతాడా?

ఇంట గెలిచి రచ్చ గెలవమని మా వాళ్ళ సామెత. మీ మీద కూర్చున్నవాళ్ళకి అది కుదరదు. బయటికి చూడమని పెట్టిన కుర్చీ కాబట్టి వాళ్ళ వీపు ఎప్పుడూ ఇంటివైపే ఉంటుంది. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమా హనోయ్ వెళ్తూ దారిలో పెకింగ్‌లో ఉన్నాడు. మంత్రి క్వేసన్ సాకీ కూడా వెంటే. ఇంట్లో సైన్యం, పోలీసులు కలిసి తలుపు వేసేసుకున్నారన్న కబురు చైనా వాళ్ళ ద్వారా తెలిసింది. సొంత దేశంలో ఎవరు ప్రభుత్వమో వేరే దేశం చెబితే తెలుసుకున్న విదేశాంగ మంత్రి! ఎన్‌క్రుమా ఆయన్ని పిలిచి, ఆడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ సమావేశం ఉంది, వెళ్ళి మన తరఫున గట్టిగా మాట్లాడు అన్నాడు. సరేనని విమానం ఎక్కాడు. దిగింది ఆక్రాలో, కొత్త ప్రభుత్వం దగ్గర. ఎన్‌క్రుమా చాలాకాలం దాన్ని మర్చిపోలేదు. నేనైతే తప్పు పట్టను. ప్రభుత్వం ఎక్కడుంటే అక్కడ ఉండడమే ఉద్యోగం అని ఎవరో ఆయనకి చెప్పి ఉంటారు.

ఎన్‌క్రుమాకి గినీలో ఆశ్రయం దొరికింది, గౌరవ సహాధ్యక్షుడనే పేరు కూడా. దాంతో మీ కొత్త పాలకులకి ఒళ్ళు మండింది. 1966 అక్టోబరు చివర్లో గినీ విదేశాంగ మంత్రి లూయీ లన్సానా బెయావోగీ ఆడిస్ అబాబా వెళ్తూంటే విమానం ఆక్రాలో ఆగింది. ఆయన్నీ ఆయన వెంట ఉన్నవాళ్ళనీ దించి లోపలేశారు. గినీలో చిక్కుకున్న మా వాళ్ళని వదిలితేనే వీళ్ళని వదులుతామన్నారు. విమానం అమెరికా కంపెనీది కాబట్టి గినీ వాళ్ళు తమ రాజధాని కొనాక్రీలో అమెరికా రాయబారిని ఇంట్లో నిర్బంధించారు. చూశారా, ఘనా కొడితే గినీ ఏడ్చి అమెరికాని గిల్లింది. ఓ వారానికి అందరూ సర్దుకున్నారు. పాపం బెయావోగీ! మరుసటి ఏడాది ఐక్యరాజ్య సమితి నుంచి ఇంటికి వెళ్తూంటే విమానం అబిజాన్‌లో దిగాల్సి వచ్చింది. ఈసారి ఐవరీ కోస్ట్ వాళ్ళు పట్టుకున్నారు. గినీలో ఉన్న మీ వరస కుర్చీని ఒకసారి పలకరించండి. ఆయనకి ట్రాన్సిట్ అన్న మాట వింటేనే బీపీ పెరిగి ఉంటుంది.

ఆక్రాలో మాత్రం ఆ మూడేళ్ళలో మీ మీద సైన్యాధికారి కూర్చున్నాడు, పోలీసు అధికారి కూర్చున్నాడు. 1969లో ఎన్నికలయ్యాక విక్టర్ ఓవుసు వచ్చాడు. ఆయన హయాంలోనే, కాగితాలు లేని విదేశీయులంతా రెండు వారాల్లో దేశం వదలాలన్న ఆదేశం వెలువడింది. వెళ్ళినవాళ్ళలో నైజీరియన్లే ఎక్కువ. పద్నాలుగేళ్ళు తిరిగాయి. 1983 జనవరిలో నైజీరియా బదులు తీర్చుకుంది, అదే రెండు వారాల గడువు. ఓ పది లక్షల మంది ఘనా వాళ్ళు గళ్ళ ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నదంతా కుక్కుకుని బయల్దేరారు. తీరా వస్తే మీ సరిహద్దు మీ ప్రభుత్వమే మూసి పెట్టింది! కొన్నాళ్ళకి తెరిచారు. మా రైల్వే స్టేషన్లలో మేం ఇప్పటికీ మోసే ఆ గళ్ళ సంచికి అక్కడ పేరు ‘ఘనా మస్ట్ గో’. విదేశాంగ విధానం గురించి ఎన్ని పుస్తకాలు వచ్చినా, జనం నాలుక మీద మిగిలింది ఒక సంచి పేరు.

1971లో వచ్చిన విలియం ఓఫోరీ అట్టా కూడా బిగ్ సిక్స్‌లో ఒకడు. 1972 జనవరిలో మళ్ళీ సైన్యం వచ్చి ఆయన్ని లేపేసింది. మీరంటే మొదట్నుంచీ మోజున్న బోట్సియోని ఈ కొత్త సైనిక ప్రభుత్వం కుట్ర కేసులో ఇరికించి 1973లో మరణశిక్ష వేసింది, తర్వాత యావజ్జీవం చేసింది. లెక్క చూస్తున్నారా? ఇప్పటికి మీ మీద కూర్చున్న ఇద్దరు ఉరి దాకా వెళ్ళి వెనక్కొచ్చారు.

మూడో ఆయన వెనక్కి రాలేదు. కల్నల్ రోజర్ ఫెల్లీ, సైన్యాధికారి, 1975 నుంచి విదేశాంగ మంత్రి. 1979 జూన్‌లో జెర్రీ రాలింగ్స్ అనే సైనికాధికారి బృందం తిరుగుబాటు చేసి అధికారంలోకి వచ్చింది. అదే నెల 26న టెషీ ఫైరింగ్ రేంజిలో ఇద్దరు మాజీ దేశాధినేతలతో, ఇంకో ముగ్గురు అధికారులతో కలిపి ఆయన్ని కాల్చేశారు. కుటుంబాలకి అవశేషాలు అప్పగించింది 2001లో. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి.

మీరు ఖాళీగా మాత్రం లేరు. అదే ఏడాది గ్లోరియా అమోన్ నికోయ్ వచ్చారు, ఆ పదవిలో మొదటి మహిళ. అంతకుముందు ఏం జరిగిందో ఊరంతటికీ తెలిసిన కుర్చీలో ఆవిడ ఎలా కూర్చున్నారో మీకే తెలియాలి.

తర్వాత వచ్చిన ఒబెద్ అసమోవా కిటుకేమిటో నాకు అంతుపట్టలేదు. సుమారు పదిహేనేళ్ళు లేవలేదు! విప్లవ ప్రభుత్వంగా క్యూబాతో, లిబియాతో చేతులు కలిపినప్పుడు దాన్ని ప్రపంచానికి వివరించింది ఆయనే. ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్ళి అప్పు తెచ్చినప్పుడు దాన్నీ వివరించింది ఆయనే. దేశాధినేత రాలింగ్స్ బంధువొకడు అమెరికాలో గూఢచర్యం కేసులో దొరికి, 1985లో ఇచ్చిపుచ్చుకునే బేరంలో ఇల్లు చేరినప్పుడు కూడా మంత్రి ఆయనే. సైనిక పాలన పోయి ఎన్నికలొచ్చినా ఆయన ఉన్నాడు. కొన్నాళ్ళు న్యాయశాఖ కూడా పక్కనే పెట్టుకున్నాడు. మొదటి మంత్రుల గతి చూశాక అది ముందుచూపే అనుకుంటాను.

అప్పట్నుంచి మీ స్వభావం మారినట్టుంది. ఇప్పుడు మీ మీద నుంచి మనుషుల్ని లేపేది బ్యాలెట్ పెట్టె. హంగరీలో పుట్టిన హానా టెట్టే 2016లో సొంత నియోజకవర్గంలో ఓడిపోయారు. అయితే ఏం, తర్వాత ఐక్యరాజ్య సమితిలో పెద్ద పదవులే వచ్చాయి. షిర్లీ అయోర్కోర్ బోచ్వే 2025 ఏప్రిల్‌లో కామన్వెల్త్ సెక్రటరీ జనరల్ అయ్యారు. గుర్తుపెట్టుకోమన్నానే, ఆ జడ్జీ అకుఫో అడో, ఆయన కొడుకు నానా అకుఫో అడో 2003 నుంచి 2007 దాకా మీ మీద కూర్చుని, 2017లో అధ్యక్షుడయ్యాడు. ఇందాకటి ఓఫోరీ అట్టా ఆయనకి స్వయానా మేనమామ. మంత్రి కేసు కొట్టేసి తండ్రి ఉద్యోగం పోగొట్టుకుంటే, మంత్రి పదవి చేసి కొడుకు గద్దెక్కాడు. మీరు బాకీ తీర్చారనుకోనా?

ఇప్పుడున్న శామ్యూల్ ఒకుజెటో అబ్లాక్వా వచ్చిన కొన్ని నెలలకే, 2025 మేలో, వాషింగ్టన్లో ఉన్న మీ రాయబార కార్యాలయాన్ని కొన్ని రోజులు మూసేశాడు. అక్కడి స్థానిక ఉద్యోగి ఒకడు ఎంబసీ వెబ్‌సైట్‌లో తన సొంత కంపెనీ లింకు పెట్టి వీసా కోసం వచ్చినవాళ్ళ దగ్గర అదనంగా వసూలు చేశాడట. వీసా టెన్షన్ అంటే ఏమిటో తెలుగు ఇళ్ళలో చెప్పక్కర్లేదు, కాబట్టి ఈ వార్త చదివి మాకు కొంచెం ఆనందమే వేసింది. మీ చరిత్రలో ఇంత చిన్న నేరం చూడడం కూడా నాకు ఇదే మొదటిసారి.

చివరగా ఒక్క విన్నపం. అకాన్ ఇళ్ళలో మనిషి పీట మీద నుంచి లేచినప్పుడు దాన్ని పక్కకి వాల్చి పెడతారని విన్నాను, దారిన పోయే ఆత్మ ఏదైనా వచ్చి అందులో కూర్చోకుండా. ఇన్నేళ్ళలో ఇంతమంది లేచారు, కొందరు పోలీసుల వెంట, కొందరు సైనికుల వెంట. మిమ్మల్ని పక్కకి వాల్చే తీరిక వాళ్ళకి ఎక్కడ దొరికి ఉంటుంది? ఈసారి మీ గది ఊడ్చడానికి వచ్చినవాళ్ళెవరైనా కింద చీపురు తిప్పడం కోసమైనా మిమ్మల్ని ఒక్కసారి పక్కకి ఒరిగిస్తే, కాసేపు అలాగే ఉండండి. ఫెల్లీ గారు లోపలికొచ్చి చూసి వెళ్ళిపోతారు.

ఇట్లు,
ఒక కాలు వంకరపోయిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాసిన
మీ శ్రేయోభిలాషి