ఊరి డాక్టర్‌కు ఆపరేషన్లు నేర్పుదామంటే ఇంత గోల దేనికి?

పల్లెల్లో పనిచేసే ఫ్యామిలీ డాక్టర్లకు సిజేరియన్, అపెండిక్స్, హెర్నియా లాంటి ఆపరేషన్లు నేర్పాలని ఎవరైనా అంటే చాలు, మా సర్జన్ల నోట ఒకటే మాట: "సగం నేర్చినవాళ్ల చేతికి కత్తి ఇస్తారా?" నేనూ సర్జన్‌నే. వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

సరే, ఇవ్వొద్దు. మరి మనం వెళ్తామా? వెళ్లం. వెళ్లకపోవడానికి మన కారణాలు మనకున్నాయి: పిల్లల చదువు, కేసులు చాలకపోవడం, తోడు లేకపోవడం. వాటిని నేను తప్పుపట్టను. కానీ మనం వెళ్లకుండా, అక్కడున్నవాణ్ని చెయ్యనివ్వకుండా ఉంటే అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టే కదా!

అసలు తిరకాసంతా పోలికలో ఉంది. ఆ డాక్టర్‌ని పెద్దాసుపత్రిలో ఇరవై ఏళ్లుగా ఆపరేషన్లు చేస్తున్న సర్జన్ పక్కన నిలబెట్టి "వీడికేం వచ్చు?" అంటారు. ఆ సర్జన్ ఆ ఊళ్లో లేడు. ఉన్నది అంబులెన్స్. పోలిస్తే దానితో పోల్చండి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లో తల్లి ప్రాణం పోవచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. కాన్పు సేవలకు నాలుగు గంటలకు మించిన దూరంలో ఉన్న తల్లుల విషయంలో, బిడ్డ చనిపోయే ముప్పు దగ్గరివాళ్లకంటే మూడు రెట్లు ఉందని తేలింది. మంచి రోడ్లు, హెలికాప్టర్లు ఉన్న దేశంలో పరిస్థితి అది.

2015లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క తేల్చింది. సమయానికి, భరించగలిగే ఖర్చులో, సురక్షితమైన సర్జరీ అందనివాళ్లు ప్రపంచంలో 500 కోట్ల మంది. ఒక ఆసుపత్రి సత్తా చూడాలంటే వాళ్లు పెట్టిన కొలబద్ద మూడు ఆపరేషన్లు: సిజేరియన్, పొట్ట తెరిచి చేసే లాపరాటమీ, ఎముక బయటికొచ్చిన ఫ్రాక్చర్‌కు చికిత్స. ఇవి రెండు గంటల ప్రయాణంలో అందాలన్నారు. రోబోలూ అవయవ మార్పిడి ఆపరేషన్లూ ఎవరూ అడగలేదు.

డాక్టర్లు కానివాళ్లు కూడా ఈ పని చేసి చూపించిన దేశం మొజాంబిక్. 1984 నుంచి అక్కడ వైద్య సహాయకులకు సర్జరీ నేర్పారు. 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్ లాంటి పెద్ద ప్రసూతి ఆపరేషన్లలో సుమారు 92 శాతం వాళ్లే చేశారు. ఏడేళ్ల తర్వాత చూస్తే వాళ్లలో 88 శాతం మంది జిల్లా ఆసుపత్రుల్లోనే ఉన్నారు. అదే జిల్లాలకు వేసిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు! మరి ఆరేళ్లు వైద్యం చదివిన ఫ్యామిలీ డాక్టర్‌కు నేర్పితే ఏదో కొంప మునుగుతుందని మనకెందుకంత టెన్షన్?

అలాగని నాలుగు వారాలు థియేటర్‌లో నిలబెట్టి సర్టిఫికెట్ చేతిలో పెడితే చాలదు. ఎందుకో ఒక్క కేసు చెబుతాను. నొప్పులు రోజంతా సాగి, బిడ్డ తల బాగా కిందికి దిగి ఇరుక్కుపోయింది. గర్భసంచి కింది భాగం సాగి సాగి పల్చబడి ఉంటుంది. చెయ్యి పెట్టి తల పైకి తియ్యబోతే కోత పక్కకు చీలి, గర్భసంచి రక్తనాళం దాకా పోతుంది. చూస్తుండగానే అంతా రక్తంతో నిండి ఏమీ కనపడదు. కంగారులో చేతికందిన చోటల్లా కుట్లు వేస్తే పక్కనే ఉన్న మూత్రనాళం కుట్టులో పడుతుంది. గర్భసంచిని బయటికి తీసి, రక్తనాళాన్ని వేళ్లతో నొక్కిపట్టి, చీలిక చివర ఎక్కడుందో కనపడ్డాక, దానికి కాస్త అవతల మొదటి కుట్టు వెయ్యాలి. ఇది వీడియో చూస్తే రాదు. సీనియర్ ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా "ఆగు, ముందు నొక్కిపట్టు" అంటుండగా తన చేత్తో చేస్తేనే వస్తుంది.

ఆపడం ఎలాగో కూడా నేర్పాలి. అపెండిక్స్ అనుకుని తెరిస్తే పేగులో గడ్డ కనపడితే ఏం చెయ్యాలి? పేగు కొయ్యబోకుండా, రక్తం కారే చోట గుడ్డతో అదిమి ప్యాక్ పెట్టి, చీముంటే కడిగి అది బయటికొచ్చేలా డ్రెయిన్ గొట్టం పెట్టి, పెద్దాసుపత్రికి పంపగలిగితే వాడు మంచి సర్జనే. మా పీజీల్లో కూడా ఈ ఒక్కటి రానివాళ్లున్నారు, ఆ సంగతి మనలో మన మాట.

ఇలా నేర్పడానికి ఎంత కాలం పడుతుందో తెలియనిదేం కాదు. కెనడాలో ఫ్యామిలీ డాక్టర్లకు ప్రత్యేకంగా సర్జరీ శిక్షణ ఉంది. సస్కాచెవాన్‌లోని ప్రిన్స్ ఆల్బర్ట్‌లో అది ఏడాది పాటు సాగుతుంది. 2015లో కెనడా సర్జన్ల సంఘం, ప్రసూతి నిపుణులు, గ్రామీణ వైద్యులు, ఫ్యామిలీ డాక్టర్ల కాలేజీ కలిసి కూర్చుని ఈ పద్ధతిని సమర్థిస్తూ ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ఆస్ట్రేలియా గ్రామీణ వైద్యుల కాలేజీలో సర్జరీ ఎంచుకుంటే రెండేళ్లు.

మన దేశంలోనూ ఎంబీబీఎస్ డాక్టర్లకు అత్యవసర ప్రసూతి సేవల్లో 16 వారాలు, మత్తు ఇవ్వడంలో 18 వారాలు శిక్షణ పెట్టారు. ఆలోచన బంగారం. తిరిగొచ్చాక జరిగిందే ఒళ్లు మండే కథ. మత్తు నేర్చినవాళ్లు ఒకచోట, ఆపరేషన్ నేర్చినవాళ్లు మరోచోట. థియేటర్ ఉంటే రక్తం లేదు, రక్తం ఉంటే సిస్టర్లు చాలరు. నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఆ పనే చెయ్యలేకపోయారు. ఆపైన "చూశారా, శిక్షణ దండగ" అని మనమే తీర్పు చెప్పాం!

చివరికి మిగిలే ఒకే ఒక్క గట్టి అభ్యంతరం, కేసులు తక్కువైతే చెయ్యి మొద్దుబారుతుందని. నిజమే. అందుకు ఆ ఊరి డాక్టర్‌ని అప్పుడప్పుడు పెద్దాసుపత్రి థియేటర్‌కి పిలిపించుకోవాలి, మనలో ఒకరు అక్కడికెళ్లి ఒక రోజు ఆపరేషన్లన్నీ కలిసి చెయ్యాలి, ఫలితాలన్నీ ఒకే రిజిస్టర్లో రాసి అందరూ కూర్చుని చూడాలి. డాక్టర్, మత్తు ఇచ్చేవాళ్లు, ఆపరేషన్‌లో పనిముట్లు అందించే స్క్రబ్ నర్స్ ముగ్గురికీ కలిపి శిక్షణ ఇచ్చి ఒకేచోట పోస్టింగ్ వెయ్యాలి. ఒక్కణ్ని తయారుచేసి పంపితే అతను సెలవు పెట్టిన రోజు థియేటర్‌కి తాళమే.

సిలబస్ రాసే కమిటీల్లో మనవాళ్లే ఉంటారు కాబట్టి అడుగుతున్నా. ఎన్ని కేసులు చూడాలి, ఎన్ని చెయ్యాలి అన్న పట్టికతో పాటు ఇంకో కాగితం జతచెయ్యండి. రాత్రి రెండింటికి పొట్ట తెరిచాక ఆ డాక్టర్‌కి చెయ్యి ఆడకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏ రోజు ఎవరి డ్యూటీయో పేర్లతో సహా రాసి ఉండాలి. బుధవారం నాకు వెయ్యండి, ఎత్తుతాను.